నేను కలిపిన ఒక్క మాట

నా భర్త విషజ్వరంతో చనిపోయిన మూడో ఏడు మా నాయన నన్ను మిషన్ దవాఖానలో పనికి పెట్టాడు. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వెళ్ళే రోడ్డు పక్కన, జొన్న చేల మధ్య రెండు పొడవాటి పెంకుటిళ్ళు, వాటి నడుమ ఒక చేదబావి. అదే దవాఖాన. ఇప్పుడా రోడ్డు పొడవునా ఫ్యాక్టరీల గోడలే కనిపిస్తాయి. అప్పట్లో అటు వైపు రోజుకు రెండో మూడో బస్సులు వెళ్ళేవి, మిగతావన్నీ ఎడ్లబండ్లే.

నాయన సంగారెడ్డి కచేరీలో చప్రాసీ. కచేరీ అంతా ఉర్దూలో నడిచేది కాబట్టి నన్ను ఉర్దూ బడిలో వేశాడు. నేను కాపురానికి వెళ్ళిన ఏడాదే నిజాం రాజ్యం పోయింది. కచేరీలో కాగితాలు కొంచెం కొంచెంగా ఇంగ్లీషులోకి మారాయి. నేను తెల్లచీరతో పోతిరెడ్డిపల్లికి తిరిగి వచ్చి ఒక మూలన కూర్చున్నప్పుడు నాయన ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "ఉర్దూతోని ఇగ పనిగాదు బిడ్డా. ఇంగ్లీష్ నేర్చుకో" అన్నాడు.

మా బడిలో పనిచేసి మానేసిన ముసలి ఉస్తాద్ ఒకాయన మాకు దగ్గర్లోనే ఉండేవాడు. నాకు ఇంగ్లీష్ నేర్పింది ఆయనే. కాపీ పుస్తకంలో పేజీ మధ్యన గీత గీయించి, ఎడమ పక్క ఇంగ్లీష్ మాట, కుడి పక్క దాని ఉర్దూ మాట రాయించేవాడు. ఒక మాటకు రెండు అర్థాలు అడిగితే ఒప్పుకునేవాడు కాదు. "ఒక్కటే రాయి బేటీ. రెండు రాసినవంటే రెండూ యాది ఉండవ్" అనేవాడు. రెండేళ్ళలో నాలుగు కాపీలు నింపాను. ఆ నాలుగు కాపీలే ఇంగ్లీష్ అనుకున్నాను.

దవాఖానలో డాక్టరు ఇంగ్లండు మనిషి. యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా ఉండి, ముందుకు కొంచెం వంగి నడిచేవాడు. యుద్ధంలో బర్మాలో సిపాయిలకు వైద్యం చేశాడట. ఊళ్ళవాళ్ళకు ఆయన దొర. ఆ దేశం నుంచే వచ్చిన పెద్ద నర్సు ఒకామె ఉండేది. ఆమెను అందరూ సిస్టరమ్మ అనేవారు. దొర తెలుగు "నొప్పి ఎక్కడ", "నాలుక చూపు" దగ్గరే ఆగిపోయింది. సిస్టరమ్మకు ఇంకొంచెం వచ్చు. ఆడవాళ్ళ వార్డులో రోగులు చెప్పింది ఈ ఇద్దరికీ, వీళ్ళు చెప్పింది రోగులకు, వాళ్ళ ఇంటివాళ్ళకు అందించడం నా పని.

మొదటి వారంలోనే నా కాపీల ఇంగ్లీష్ వేరు, దొర నోట్లోది వేరు అని తెలిసింది. ఆయన చాలా బాగున్నదాన్ని "నాట్ టూ బ్యాడ్" అనేవాడు. ముప్పై ఏళ్ళ మనిషిని కూడా "ఓల్డ్ గర్ల్" అనేవాడు. మధ్యాహ్నం భోజనానికి లేస్తూ "ఐ విల్ పాప్ ఆఫ్ నౌ" అనేవాడు. ఆ మాట నా కాపీల్లో లేదు. రెండు మూడుసార్లు విని, అర్థం నేనే పట్టుకుని, ఐదో కాపీ మొదలుపెట్టి రాసుకున్నాను. పాప్ ఆఫ్, దానికెదురుగా జానా, అంటే వెళ్ళడం. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న మొదటి మాట కాబట్టి గర్వంగా కూడా అనిపించింది.

మాటలనైతే ఎట్లాగో పట్టుకోవచ్చు. ఆయన వేళాకోళం మాత్రం చేతికి చిక్కేది కాదు. ఆయన నవ్వకుండా నవ్వులాట ఆడేవాడు. మొహం చూస్తే కోర్టులో సాక్ష్యం చెప్తున్నట్టుండేది. సిస్టరమ్మ పెదవి ఒక పక్కకు కొంచెం కదిలితే అది నవ్వులాట అని నాకు లెక్క. అప్పుడు నేనూ నవ్వేదాన్ని, ఏమీ అర్థం కాకుండానే.

మా దగ్గర ఒక వార్డు బాయ్ ఉండేవాడు. నలభై దాటిన మనిషి, అయినా ఆ పనికి పేరు అదే. ఒక బకెట్ నీళ్ళు తెచ్చి రెండు గడియలు కూర్చునేవాడు. వరండాలో రోగుల తాలూకు వాళ్ళతో ముచ్చట పెట్టుకునేవాడు. ఒకరోజు దొర అతన్ని చూసి "హీ ఈజ్ ఎ బాల్ ఆఫ్ ఫైర్" అన్నాడు. నిప్పుల బంతి. నేను పోయి అతనికి చెప్పాను.

"నువ్వు నిప్పు లెక్క చురుకంట. దొర మెచ్చుకుంటుండు."

"నిజంగనా?"

"నా చెవులతోని ఇన్న."

అతను ఆ మాట వంటమనిషికి చెప్పాడు, తోటమాలికి చెప్పాడు, శుక్రవారం సంగారెడ్డి పోయి పెళ్ళాం తరఫు చుట్టాలకు కూడా చెప్పి వచ్చాడు. అది ఎగతాళి అని నాకు చాలా రోజులదాకా తెలియదు. అతనికి ఎప్పటికీ తెలియలేదనుకుంటాను.

ఇంకొకటి చెప్పాలి. ఒక మధ్యాహ్నం మందుల గదిలో సీసాలకు కాగితాలు అంటిస్తున్నాం. దొర గోడకున్న చిన్న ఫోటో వైపు చూస్తూ తన తమ్ముడి సంగతి చెప్పాడు. ఇద్దరూ బర్మాలోనే ఉన్నారట. "మై బ్రదర్ బాట్ ఇట్ దేర్" అన్నాడు. బాట్ అంటే కొన్నాడు. అది నా మొదటి కాపీలోనే ఉంది. మాట కలపాలని అడిగాను.

"ఏం కొన్నాడు సార్?"

దొర నా వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. బల్ల పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా మళ్ళీ వార్డుకు రాలేదు. ఇంగ్లీషులో దొరను నవ్వించానని నేను సంతోషంగా ఇంటికి పోయి నాయనతో చెప్పుకున్నాను. ఆ మాటకు అర్థం సిస్టరమ్మ ఏడాది తర్వాత చెప్పింది. యుద్ధంలో చచ్చిపోయినవాణ్ణి వాళ్ళ సిపాయిలు అట్లా అంటారట.

ఈ సంగతులన్నీ ముందు ఎందుకు చెప్పానంటే, అప్పటికే నాకు అనుమానం రావలసింది. రాలేదు. తెలియని మాటంటే భయపడేదాన్ని కానీ తెలుసనుకున్న మాటంటే భయం లేదు.

ఆ చలికాలం పాశమైలారం నుంచి ఒక రైతు తన భార్యను బండిలో తెచ్చాడు. ఆమెకు ముప్పై ఏళ్ళు ఉండవచ్చు. గుండె జబ్బు. కాళ్ళు, పొట్ట వాచి, పడుకుంటే ఊపిరాడక, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఇద్దరు పిల్లలు ఊళ్ళో నానమ్మ దగ్గర ఉన్నారు. భర్త బండిని ఊరివాళ్ళతో వెనక్కి పంపేసి తాను వరండాలోనే ఉండిపోయాడు. పన్నెండు రోజులు. పొద్దున, సాయంత్రం లోపలికి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కాసేపు నిలబడేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేది లేదు. "తిన్నవా" అని ఆమె అడిగేది, "తిన్న" అని అతను అనేవాడు. అతను ఏం తిన్నాడో నేను వరండాలో చూస్తూనే ఉండేదాన్ని, పొద్దుటి జొన్నరొట్టె, నీళ్ళు.

నన్ను ఇద్దరూ చెల్లె అనే పిలిచేవారు.

దొర సూది మందులు ఇస్తే ఆమె ఒంట్లో నీరు దిగింది. పన్నెండో రోజు పొద్దున ఆమె వాపు తగ్గి, మొహం బయటపడి, ఎంత చక్కటి మనిషో కనిపించింది. జొన్న గట్క పలుచగా కలిపి ఇస్తే సగం గిన్నె తాగింది. నన్ను పిలిచి తల దువ్వమంది. నేను దువ్వుతుండగా దొర, సిస్టరమ్మ వచ్చి మంచం కొసన నిలబడ్డారు. దొర ఆమె చేయి పట్టుకుని చూసి, గొట్టం పెట్టి విని, సిస్టరమ్మతో మెల్లగా అన్నాడు. ఓల్డ్ గర్ల్ గట్టిగానే నిలబడుతోంది, కానీ రేపో ఎల్లుండో పాప్ ఆఫ్ అవుతుంది, అని. సిస్టరమ్మ తల ఊపింది. ఇద్దరూ పక్క మంచానికి వెళ్ళారు.

ఆ "కానీ" నాకు వినబడింది. పట్టించుకోలేదు. ఎదురుగా మనిషి తల దువ్వించుకుంటోంది, దొర వెళ్ళిపోతుందని అన్నాడు. ఇంకేం కావాలి?

గుమ్మం దాటగానే భర్త లేచి నిలబడ్డాడు.

"ఏమంటుండు చెల్లే దొర?"

నేను ఎప్పుడూ మాట మార్చకుండా చెప్పేదాన్ని. "రెండు దినాలల్ల పోతది" అని నోటిదాకా వచ్చింది. మన దగ్గర మంచంలో ఉన్న మనిషి పోతుందంటే ఏమని అర్థమో పసిపిల్లకు కూడా తెలుసు. ఆమె మొగుడి ముందు అట్లా అనకూడదని నాలుక వెనక్కి తీసుకున్నాను. అపశకునం లేకుండా ఒక మాట కలిపి చెప్పాను.

"రెండు దినాలల్ల ఇంటికి పోతదంట అన్నా."

అతను తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"దొరనే అన్నడా?"

"నేను ఆడనే ఉన్న గదా. నా చెవులతోనే ఇన్న."

"అయితే నేను పోయి బండి దెస్త. పిలగాండ్లను గూడ తోలుకొస్త. తల్లిని జూడక పరేషాన్ అయితుండ్రు."

"పో అన్నా. నేను జూసుకుంట" అన్నాను.

లోపలికి వెళ్ళి ఆమెకూ చెప్పాను. ఆమె నవ్వింది. ఆకుపచ్చ చీర ఒకటి సందుగ పెట్టెలో ఉందని, అది తెమ్మని చెప్పమంది. నేను బయటికి పరుగెత్తి అప్పటికే రోడ్డు ఎక్కిన అతనికి ఆ మాట కూడా అందించాను. అతను చేయెత్తి సరే అన్నాడు. బస్సు కోసం ఆగకుండా నడుచుకుంటూనే వెళ్ళాడు.

ఆ సాయంత్రమే ఆమెకు ఆయాసం మళ్ళీ మొదలైంది. నేను ఇంటికి వెళ్ళే ముందు చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి. సిస్టరమ్మ ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. రేపటికి తగ్గుతుందిలే అనుకున్నాను.

పొద్దున వచ్చేసరికి ఆమె మాట్లాడే స్థితిలో లేదు. ఊపిరికి ఊపిరికి మధ్య ఒక్కో మాట. నన్ను చూసి, "బండి వచ్చిందా?" అంది. "వస్తది అక్కా" అన్నాను. కాసేపటికి మళ్ళీ అదే అడిగింది. దొర వచ్చి గొట్టం పెట్టి విని, తీసి మెడలో వేసుకుని, చుట్టూ చూశాడు.

"భర్త ఏడీ?" అని ఇంగ్లీషులో నన్ను అడిగాడు.

"బండి తేవడానికి వెళ్ళాడు సార్. ఈమెను ఇంటికి తీసుకుపోవడానికి."

"ఇంటికా? ఎవరు చెప్పారు అతనికి?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. సిస్టరమ్మ కూడా తలెత్తి చూసింది. ఇద్దరి మొహాల్లో ఉన్నదాన్ని చూసి నాకు తెలిసిపోయింది. ఎవరూ ఏమీ వివరించలేదు. మంచం కోడు పట్టుకున్నాను. వాళ్ళ భాషలో కూడా మనిషి చచ్చిపోవడాన్ని వెళ్ళిపోవడం అంటారు. మన భాషలో ఆ మాట ఉందని జాగ్రత్తపడి 'ఇంటికి' అని కలిపినదాన్నే, వాళ్ళకూ అట్లాంటిది ఉంటుందని ఎందుకు తోచలేదు? ఆ ప్రశ్న ఈ రోజుకీ నన్ను నేను వేసుకుంటూనే ఉన్నాను.

"తెలియదు సార్" అన్నాను.

"పూర్ డెవిల్" అన్నాడు దొర, ఖాళీ వరండా వైపు చూసి. డెవిల్ అంటే షైతాన్ అని నా కాపీలో ఉంది. ఆ మనిషిని షైతాన్ అంటున్నాడేమిటా అనుకుని, అది కూడా నాకు తెలియని మాటే అని అప్పుడే అర్థమైంది. పాపం అని జాలిపడటమే అదని సిస్టరమ్మ తర్వాత చెప్పింది.

మధ్యాహ్నం దాటాక ఆమె పోయింది. చివరిదాకా కళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి.

మరునాడు పొద్దెక్కిన తర్వాత బండి వచ్చింది. బండిలో వరిగడ్డి మెత్తగా పరిచి, దాని మీద బొంత వేసి, ఆమె ఆనుకోవడానికి రెండు దిండ్లు పెట్టుకొచ్చాడు. ఇద్దరు పిల్లలు ముందు కూర్చున్నారు. ఏడేళ్ళ పిల్ల, అంతకంటే చిన్నవాడైన తమ్ముడు. పిల్లకు నూనె రాసి జడ వేసి పంపింది నానమ్మ. ఆకుపచ్చ చీర మడత పిల్ల ఒళ్ళో ఉంది.

దొర బయటికి వచ్చాడు. నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. చెప్పమన్నాడు. నేను చెప్పాను. ఏ మాటలతో చెప్పానో నాకు గుర్తు లేదు. భర్త ఎడ్ల పగ్గాలు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. దొర వైపు కాదు, నా వైపే చూశాడు.

"నువ్వే జెప్పినవ్ గద చెల్లే. ఇంటికి వోతదని."

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. ఏదో మరిచిపోయిన సంగతి నాకు గుర్తు చేస్తున్నట్టు అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని దొర అడిగాడు.

అక్కడ రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. సిస్టరమ్మ లోపల ఉంది. "మీరు చేయాల్సిందంతా చేశారట సార్. దండం పెడుతున్నాడు" అన్నాను. దొర అతని భుజం మీద చేయి వేసి లోపలికి వెళ్ళాడు.

ఆకుపచ్చ చీర ఆమెకు కట్టింది నేనే. బండి మెల్లగా రోడ్డు ఎక్కేదాకా కిటికీ వెనక నిలబడ్డాను.

ఇంటికి పోతుందని అతనికి ఎవరు చెప్పారన్న ప్రశ్న దొర వదల్లేదు. వరండాలో ముచ్చట్లు పెట్టేది వార్డు బాయ్. రెండు మూడు ఇంగ్లీష్ ముక్కలు వచ్చినట్టు పోజు కొట్టేదీ అతనే. అనుమానం అతని మీదికి పోయింది. ఎవరూ అతన్ని సరిగ్గా అడగలేదు. అడిగిందాన్ని నేనే అటూ ఇటూ చెప్పాల్సి వచ్చింది. "రోగుల సంగతులు వరండాలో మాట్లాడతావా అని అడుగు" అన్నాడు దొర. అడిగాను. "మాట్లాడ్త. తప్పేముంది?" అన్నాడు అతను. అదే చెప్పాను. ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేశారు.

అతను పోతూ నా దగ్గరికి వచ్చాడు.

"దొర నన్ను గంత మెచ్చుకునెటోడు. ఏం జేసిన్నని పంపిస్తుండు? జెర నువ్వన్న జెప్పు."

నేను తల వంచుకుని గుడ్డలు మడత పెడుతూ ఉండిపోయాను.

నాలుగు రోజులు తిండి సయించలేదు. అయిదో రోజు పొద్దున దొర గదిలోకి వెళ్ళి చెప్పేశాను. బండి సంగతి, వార్డు బాయ్ సంగతి, బండి దగ్గర ఆమె భర్త నిజంగా అన్న మాట, నేను మార్చి చెప్పిన మాట. దొర అంతా విన్నాడు.

"నేను అన్నది సరిగ్గా ఏమిటి?" అని అడిగాడు.

"పాప్ ఆఫ్ అని, సార్. మీరు భోజనానికి పోయేటప్పుడు అనే మాట."

ఆయన అప్పటిదాకా నిలబడి ఉన్నాడు. కూర్చున్నాడు. బల్ల మీద ఉన్న కలానికి మూత పెట్టాడు.

"అవును. అంటాను" అన్నాడు.

నన్ను తీసేస్తాడనుకున్నాను. తీసేయలేదు. నా పనిలో తప్పు ఎంత ఉందో తన నోటిలోనూ అంతే ఉందన్నాడు. వార్డు బాయ్ కోసం మనిషిని పంపించారు. అతను రానన్నాడట. దొంగతనం చేస్తే తీసేశారని అప్పటికే ఊళ్ళో పుకారు పుట్టిందట, ఇక ఆ గడప తొక్కనన్నాడట. ఆ తర్వాత అతను కూలికి బొంబాయి పోయాడని విన్నాను. మళ్ళీ చూడలేదు.

ఆ రోజు నుంచి దొర నాతో మాట్లాడే తీరు మారింది. ఒక్కో మాట విడగొట్టి, బడి పుస్తకంలోలాగా మాట్లాడేవాడు. "ఈ రోగి చనిపోతుంది." "ఈ రోగి బతుకుతుంది." నేను గదిలోకి వస్తే ఆయనా సిస్టరమ్మా మాట్లాడుకుంటున్న నవ్వులాట ఆగిపోయేది. తప్పు జరగకుండా అది మంచిదే. కానీ ఆ శుభ్రమైన ఇంగ్లీష్ నాకు వేసిన శిక్షలాగా ఉండేది. నేను వచ్చానంటే ఆ గది చల్లబడేది.

సిస్టరమ్మ నన్ను అట్లా వదిలేయలేదు. పని అయ్యాక బావి గట్టు మీద కూర్చోబెట్టి నా అయిదో కాపీ తీయించేది. ఆమె ఒక మాట చెప్పేది, అది ఎన్ని విధాలుగా వాడతారో చెప్పేది, నేను రాసేదాన్ని. ఉస్తాద్ గీయించిన ఒక్క గీత సరిపోలేదు. కొన్ని మాటలకు పేజీ అంతా పట్టేది. కొన్ని నెలలు గడిచాక వెనక్కి తిరగేసి చూస్తే నాకు ఒక సంగతి కనిపించింది. వాళ్ళ వేళాకోళపు మాటల్లో సగానికి సగం చావు గురించే. మిగతావి తాగుడు, పిచ్చి, భయం. పెళ్ళి గురించో పంట గురించో అన్ని మాటలు లేవు.

"చావుతో పరాచికాలు ఎందుకు సిస్టరమ్మా?" అని అడిగాను.

ఆమె నా కాపీ మూసింది. "బర్మాలో ఒక్కరోజులో ఎందరి కళ్ళు మూశాడో ఆయన్ను అడుగు. అడగకులే" అంది. తర్వాత వచ్చీరాని తెలుగులో, "నవ్వకపోతే చెయ్యి వణుకుతది. చెయ్యి వణికితే పని లేదు" అంది.

మరుసటి వానాకాలం దొరకు మలేరియా వచ్చింది. చలి, వాంతులు, కళ్ళు పచ్చగా. మూడు రోజులు జ్వరం సంధిలో పడి ఏదేదో మాట్లాడాడు. నాలుగో రోజు మధ్యాహ్నం కాస్త తెలివి వచ్చింది. సిస్టరమ్మ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది, నేను నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి, సిస్టరమ్మతో ఇంగ్లీషులో అన్నాడు.

"నేను పాప్ ఆఫ్ అయితే ఆ సంగతి ఈ అమ్మాయితోనే చెప్పించండి. అప్పుడు ఇంటికైనా చేరతాను."

సిస్టరమ్మ పెదవి కదలక ముందే నాకు నవ్వు వచ్చింది. ఎవరూ చెప్పకుండా, ఎవరి మొహమూ చూడకుండా నాకు అర్థమైన మొదటి ఇంగ్లీష్ నవ్వులాట అదే. వాళ్ళ ఇల్లు సముద్రాల అవతల ఉంది. తమ్ముడి శవం కూడా ఆ ఇంటికి చేరలేదు. అదంతా ఆ రెండు ముక్కల్లో పెట్టాడు. నన్ను పొడిచాడు, తననీ పొడుచుకున్నాడు, అంతలోనే మళ్ళీ నన్ను తన మనిషిని చేసుకున్నాడు. గిన్నె చేతిలో ఊగి నీళ్ళు ఒలికేదాకా నవ్వాను. నవ్వుతుండగానే గడ్డి పరిచిన బండి కళ్ళ ముందుకు వచ్చింది. గిన్నె కింద పెట్టి బయటికి పోయాను. చచ్చిన ఆ ఆడమనిషి మీద నేను నవ్వానా అనిపించింది.

దొర బతికాడు. ఆయన కోలుకున్న వారం తర్వాత నేను ఒకరోజు సెలవడిగి పాశమైలారం వెళ్ళాను. బస్సు దిగి చేల వెంట నడిచి, ఊళ్ళో అడిగితే కల్లం చూపించారు. అతను పెసర కట్టెను కొడుతున్నాడు. నన్ను చూసి కర్ర పక్కన పెట్టాడు. గుర్తుపట్టాడు.

"ఏంది చెల్లే, గింత దూరం వచ్చినవ్?"

ముందే అనుకున్న మాటలన్నీ పోయాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దొర ఆ రోజు ఇంటికి అనలేదని, చచ్చిపోతుందని అన్నాడని, ఆ మాట నాకు అర్థం కాలేదని, ఇంటికి అన్నది నేను కలిపానని. తర్వాత దొరకు అబద్ధం చెప్పానని కూడా.

అతను కల్లం గట్టు మీద కూర్చున్నాడు. రెండు పెసర కాయలు తీసి గోటితో విప్పుతూ ఉన్నాడు.

"ఆమె అడిగిందా నన్ను?" అన్నాడు.

ఇక్కడ కూడా నా నోట్లోనే ఉంది. అడగలేదు, నిద్రలోనే పోయింది అని చెప్పవచ్చు. అతనికి తెలిసే దారి లేదు. చెప్పాలనే అనిపించింది.

"అడిగింది అన్నా. బండి వచ్చిందా, బండి వచ్చిందా అనుకుంటనే ఉండె. నన్ను అడిగింది, సిస్టరమ్మను అడిగింది. దర్వాజ దిక్కే సూసింది."

అతను తల ఊపాడు. విప్పిన గింజలను కుప్ప మీద వేశాడు.

"నువ్వు గట్ల జెప్పకుంటే నేను ఆడనే ఉంటుంటి" అన్నాడు.

"అవునన్నా."

"దాని దగ్గరనే ఉంటుంటి."

క్షమించమని అడగాలని వచ్చాను. ఆ మాట ఏ భాషలోనూ నోటికి రాలేదు. ఇంటి వైపు నుంచి పిల్ల గొంతు వినబడింది, తమ్ముణ్ణి అన్నానికి పిలుస్తోంది. అతను లేచి కర్ర తీసుకున్నాడు.

"ఇగ పో చెల్లే. పొద్దు గుంకితే బస్సు దొరకది."

నేను దండం పెట్టాను. అతను చూశాడో లేదో. వెనక కట్టె మీద కర్ర పడుతున్న చప్పుడు వింటూ రోడ్డు దాకా నడిచాను. బస్సు ఆలస్యంగా వచ్చింది, నిలబడటానికి కూడా జాగా లేదు.